అడ్డుగోడలు తొలగించిన ముదునూరు మాస్టారు గోరా

విజయవాడ: పేదలకు సాయం చేసిన సంస్కర్తలు తెలుగునాట ఎందరో ఉన్నారు. వారితో ఒకే పంక్తిలో కూర్చుని భోంచేసి, ఒకే పాకలో నివసించి, వియ్యం కూడా అందుకున్నవారు కొందరే. ఆ కొందరిలో అగ్రగణ్యుడు గోపరాజు రామచంద్రరావు. గోరాగా ప్రసిద్ధుడైన ఆయన కృష్ణా జిల్లా ముదునూరులో నెలకొల్పిన నాస్తిక కేంద్రం గ్రామీణ బలహీన వర్గాల అభ్యున్నతికి పాటుపడిన పలు సంస్థలకు మూలమైంది.

గోరా 1902 నవంబరు 15న నాటి మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా ఛత్రపురంలో సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. ఆ ప్రాంతం ప్రస్తుతం ఒడిశాలో ఉంది. 1922లో సరస్వతితో ఆయన వివాహం జరిగింది. అప్పటికి ఆమె వయస్సు పదేళ్లే. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రంలో ఎం.ఏ. పూర్తి చేసిన గోరా మదురై, కొలంబో, కాకినాడ, మచిలీపట్నం కళాశాలల్లో అధ్యాపకుడిగా పనిచేశారు.

ఇల్లు, కొలువు కోల్పోయి...

శాస్త్ర అధ్యయనం ఆయనలో ప్రశ్నించే స్వభావాన్ని పెంచింది. జంధ్యం ధరించేందుకు నిరాకరించడంతో తండ్రి ఆగ్రహించి ఇంటి నుంచి పంపివేశారు. నాస్తిక భావాలను దాచుకోనందుకు 1933లో కాకినాడలో ఉద్యోగం పోయింది. మచిలీపట్నంలోనూ ఇవే భావాలు చిక్కులు తెచ్చాయి. గ్రహణ సమయంలో గర్భిణులు బయటకు రాకూడదన్న నమ్మకాన్ని కాదని, గర్భవతిగా ఉన్న సరస్వతి అందరూ చూస్తుండగా ఆరుబయట తిరిగారు. భర్త చెప్పిన మాటను ఆచరణలో నిరూపించినది ఆమే.

దైవభావన, కర్మ సిద్ధాంతం మనిషిని తన దుస్థితికి తలవంచేలా చేస్తాయని గోరా భావించారు. అంటరానితనం అనుభవిస్తున్నవారు అది తమ రాత అని నమ్మినంతకాలం మార్పు రాదన్నది ఆయన అభిప్రాయం. ఆయన నాస్తికత్వం కేవలం తర్కవాదం కాదు, సామాజిక కార్యక్రమం. ఆ కార్యక్రమానికి తగిన చోటు పట్టణ కళాశాల కాదని, గ్రామమేనని ఆయన గ్రహించారు.

ముదునూరులో తొలి అడుగు

1940లో అధ్యాపక వృత్తికి స్వస్తి చెప్పిన గోరా భార్యాబిడ్డలతో ముదునూరు చేరుకున్నారు. ఆ ఏడాది ఆగస్టులో అక్కడ నాస్తిక కేంద్రం ప్రారంభమైంది. నెలజీతంపై బతికిన కుటుంబం గ్రామస్థుల ఆదరణే ఆధారంగా జీవనం సాగించింది. వయోజనులకు చదువు చెప్పడం, మూఢనమ్మకాలపై ప్రచారం, అస్పృశ్యతా నివారణ కేంద్రం ప్రధాన కార్యక్రమాలయ్యాయి.

వీటిలో సహపంక్తి భోజనాలది ప్రత్యేక స్థానం. అన్ని కులాలవారు ఒకేచోట కూర్చుని తినేవారు. నేడు ఇది సాధారణంగా తోచవచ్చు. బావి దగ్గర, గుడి దగ్గర, హోటల్ దగ్గర కులాన్ని బట్టి హద్దులు గీసిన ఆ రోజుల్లో ఇలా కూర్చున్నవారికి సొంత ఇంట్లోనే వెలి తప్పేది కాదు. దళితులకు విడిగా వసతులు కల్పించడంతో సరిపెడితే ఆ వేర్పాటు మరింత స్థిరపడుతుందని గోరా వాదించారు. అందరూ కలిసి మెలిసి బతకడమే అసలైన నివారణ అన్నది ఆయన దృఢ విశ్వాసం.

1942 క్విట్ ఇండియా ఉద్యమంలో గోరాతో పాటు కుటుంబ సభ్యులు కూడా జైలుకు వెళ్లారు. సరస్వతి చంటిబిడ్డతో కారాగారవాసం అనుభవించారు.

గాంధీజీతో సంవాదం

1944 నవంబరులో గోరా సేవాగ్రామ్‌లో గాంధీజీని కలుసుకున్నారు. పరమ ఆస్తికుడైన మహాత్ముడికి, పరమ నాస్తికుడైన గోరాకు మధ్య సుదీర్ఘ సంభాషణలు జరిగాయి. ఎవరి నమ్మకం వారిదే అయినా గ్రామసేవ, అస్పృశ్యతా నివారణ ఇద్దరినీ దగ్గర చేశాయి. ఈ అనుబంధంపై గోరా ఆంగ్లంలో రాసిన పుస్తకాన్ని 1951లో గాంధీజీ స్థాపించిన నవజీవన్ సంస్థే ప్రచురించడం విశేషం.

పెద్ద కుమార్తె మనోరమ వివాహం గోరా సిద్ధాంతానికి అగ్నిపరీక్ష అయింది. దళిత యువకుడు అర్జునరావుకు ఆమెనిచ్చి పెళ్లి చేయాలని కుటుంబం నిర్ణయించింది. ఈ వివాహాన్ని సేవాగ్రామ్‌లో జరిపించేందుకు గాంధీజీ సమ్మతించారు. కొంతకాలం ఆగాలని, ఈలోగా వరుడు ఆశ్రమంలో ఉండాలని సూచించారు. ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు వాడేందుకు కూడా అంగీకరించారు. 1948 జనవరి 30న గాంధీజీ హత్యకు గురయ్యారు. అయినా మాట తప్పిపోలేదు. అదే ఏడాది మార్చి 13న సేవాగ్రామ్‌లోనే వివాహం జరిగింది. 1960లో కుమారుడు లవణం మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను వివాహమాడారు.

విజయవాడ కేంద్రంగా...

1947లో నాస్తిక కేంద్రం విజయవాడలోని పటమటకు తరలివచ్చింది. గోరా ఆలోచనలు ఆర్థిక సమానత్వం, పార్టీరహిత ప్రజాస్వామ్యం వైపు విస్తరించాయి. మంత్రులు ఆడంబరాలు వీడి సామాన్యుల్లా జీవించాలని కోరుతూ 1961-62లో సేవాగ్రామ్ నుంచి ఢిల్లీకి పాదయాత్ర చేశారు. పార్టీలు లేని పాలన అన్న ఆయన ఆశయాన్ని దేశం స్వీకరించలేదు. గ్రామాల్లో ఆయన నాటిన పద్ధతి మాత్రం నిలిచింది.

1969లో ఏర్పడిన వాసవ్య మహిళా మండలి స్త్రీల సమస్యలపై దృష్టి పెట్టింది. వాస్తవికత, సంఘదృష్టి, వ్యక్తిత్వం అనే మూడు మాటల తొలి అక్షరాలతో వాసవ్య అన్న పేరు రూపుదిద్దుకుంది. 1975 జూలై 26న విజయవాడలో ఒక సభలో ప్రసంగిస్తూనే గోరా కన్నుమూశారు.

ఆయన తర్వాత...

1977 నవంబరులో ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు గోరా బాటలో నడిచిన ఆర్థిక సమతా మండలి కార్యకర్తలు బాధిత గ్రామాల్లో సేవలందించారు. అత్యవసర సాయంతో ఆగక పునరావాసం, గ్రామాభివృద్ధి పనులు చేపట్టారు. నేరస్థ జాతులుగా బ్రిటిషు పాలకులు ముద్రవేసిన కుటుంబాల కోసం లవణం, హేమలత దంపతులు స్టూవర్టుపురంలో కృషి చేశారు. సంస్కార్ సంస్థ ద్వారా నిజామాబాద్ జిల్లాలో జోగిని దురాచారంపై పోరాడి, ఆ స్త్రీలకు వివాహాలు, ఉపాధి, పిల్లలకు చదువు సమకూరేలా శ్రమించారు. జోగిని వ్యవస్థను నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. హేమలత 2008లో, లవణం 2015లో మరణించారు.

శతజయంతి సందర్భంగా 2002లో తపాలా శాఖ గోరా స్మారక బిళ్లను విడుదల చేసింది. ఉద్యమ సహచరి సరస్వతి 2006లో తుదిశ్వాస విడిచారు. రుణాలు, శిక్షణలు, పథకాలు గ్రామానికి అవసరమే. అవి అందుకునేవారిని అందించేవారు సాటి మనుషులుగా అంగీకరించకపోతే ఆ అభివృద్ధి వాడ పొలిమేరలోనే నిలిచిపోతుంది. ఆ పొలిమేరను గోరా ముందుగా తన ఇంట్లో చెరిపేశారు.