ఒక్క కొండ చాలన్నాడు.. ఒకే ఏడాది రెండు పెద్ద టైటిళ్లు కొట్టాడు! సైక్లింగ్ స్టార్ మార్కో పంతానీ విషాద గాథ

పెద్ద రేసు దగ్గరపడిందంటే చాలు.. సైక్లింగ్ స్టార్లు ఆల్ప్స్ పర్వతాల బాట పడతారు. పోటీలో ఎక్కాల్సిన ఘాట్ రోడ్లను ముందే ఎక్కి, ప్రతి మలుపునూ గుర్తుపెట్టుకుంటారు. కానీ ఇటలీకి చెందిన ఓ బక్కపలచని రైడర్ మాత్రం సొంతూరు నుంచి సైకిల్ మీద బయల్దేరి, దగ్గర్లో ఉన్న ఒకే ఒక్క కొండ ఎక్కి దిగేవాడు. రేసుకు ముందు తనకు బోలెడన్ని కొండలు అక్కర్లేదని, కార్పేన్యా ఒక్కటి చాలని చెప్పేవాడు. అతనే మార్కో పంతానీ. ఇటలీ జనం ముద్దుగా పెట్టుకున్న పేరు పైరేట్, అంటే సముద్రపు దొంగ. గుండు, చెవి పోగు, తలకు కట్టుకున్న గుడ్డ చూసి వచ్చిన పేరది.

ఆ కొండలో ఏముంది?

కార్పేన్యా కొండ మధ్య ఇటలీలో, శాన్ మారినో అనే బుల్లి దేశానికి దగ్గర్లో ఉంటుంది. ఎత్తు 1,400 మీటర్ల పైచిలుకు మాత్రమే. ఆల్ప్స్‌తో పోలిస్తే ఇది చిన్నదే. అయితే అసలు పరీక్ష ఎత్తులో లేదు.. వాలులో ఉంది. కార్పేన్యా ఊరు దాటాక దాదాపు 6 కిలోమీటర్ల పాటు రోడ్డు సగటున 10 శాతం వాలుతో లేస్తుంది. అంటే 100 మీటర్లు ముందుకు పోతే 10 మీటర్లు పైకి ఎక్కినట్టు. అడవి మధ్యలో ఇరుకు రోడ్డు, మెలికలు తిరిగిన మలుపులు, ఊపిరి తీసుకుందామంటే చదునైన చోటు దాదాపు కనపడదు.

పంతానీ ఉండే చెసెనాతికో ఏమో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. తీరం నుంచి బయల్దేరి పదుల కిలోమీటర్లు తొక్కి, కాళ్లు అలిసిపోయాక ఈ కొండ మొదలవుతుంది. చప్పట్లు కొట్టేవాళ్లు లేరు, కెమెరాలు లేవు, పక్కన పోటీదారు కూడా లేడు. రేసులో జనం చూసిన ఆ మెరుపు దాడుల వెనక ఉన్నది ఈ ఒంటరి ప్రాక్టీసే.

ప్లంబర్ కొడుకు.. కొండల రారాజు

పంతానీ 1970 జనవరి 13న చెసెనా పట్టణంలో పుట్టాడు. తండ్రి ప్లంబర్. సాదాసీదా కుటుంబం. కుర్రాడిగా ఊళ్లోని సైక్లింగ్ క్లబ్బులో చేరాడు. ఆ క్లబ్బుకు ఇటలీ దిగ్గజం ఫౌస్తో కొప్పీ పేరే పెట్టారు. చదును రోడ్డు మీద మామూలుగా ఉండే ఈ పిల్లాడు, ఎత్తు మొదలైతే మాత్రం అందరినీ వెనక్కి నెట్టేవాడు. అమెచ్యూర్లకు జరిగే జిరో రేసులో 1990లో మూడో స్థానం, 1991లో రెండో స్థానం, 1992లో ఏకంగా టైటిల్! అదే ఏడాది ప్రొఫెషనల్ రైడర్ అయ్యాడు.

ఇంతకీ కొండల మీద అతని సీక్రెట్ ఏంటి? చదును రోడ్డు మీద సైక్లిస్టుకు ప్రధాన శత్రువు గాలి. ముందున్న రైడర్ చాటున దూరి తొక్కితే బోలెడు శక్తి మిగులుతుంది. కొండ ఎక్కేటప్పుడు వేగం తగ్గిపోతుంది కాబట్టి ఆ చాటు పెద్దగా పనికిరాదు. అక్కడ సొంత బరువే శత్రువు. పంతానీ బరువు 57 కిలోల దగ్గర్లో ఉండేది. పైగా అతని స్టైలే వేరు. మిగతావాళ్లు హ్యాండిల్ పైభాగం పట్టుకుని కూర్చుని ఎక్కుతుంటే.. అతను కింది వంపు పట్టుకుని, సీటు మీద నుంచి లేచి, చదును రోడ్డు మీద స్ప్రింట్ చేసినట్టు కొండ ఎక్కేవాడు. తల మీది గుడ్డ తీసి విసిరేశాడంటే దాడి మొదలైనట్టే!

1994లో ప్రపంచం అతన్ని గుర్తించింది. జిరో డి ఇటాలియాలో వరుసగా రెండు పర్వత స్టేజ్‌లు గెలిచాడు. భయంకరమైన మోర్తిరోలో కొండ మీద మేటి రైడర్ మిగెల్ ఇందురైన్‌ను సైతం వెనక్కి నెట్టాడు. ఆ జిరోలో రెండో స్థానం, కొద్ది వారాలకే టూర్ డి ఫ్రాన్స్‌లో మూడో స్థానం దక్కించుకున్నాడు.

విరిగిన కాలు.. అడ్డొచ్చిన పిల్లి

కట్ చేస్తే.. 1995లో అన్నీ ఎదురుదెబ్బలే. మే నెలలో ట్రైనింగ్‌లో ఉండగా కారు ఢీకొట్టడంతో జిరోకు దూరమయ్యాడు. కోలుకుని టూర్‌లో రెండు స్టేజ్‌లు గెలిచాడో లేదో, అక్టోబరులో ఇంకా పెద్ద ప్రమాదం. మిలాన్-టొరినో రేసులో కొండ దిగుతుండగా, రేసు దారిలోకి ఎదురుగా వచ్చిన వాహనాన్ని గుద్దుకున్నాడు. ఎడమ కాలి ఎముకలు విరిగిపోయాయి. మళ్లీ రేసుల్లో కనపడతాడా అన్న అనుమానాలు వచ్చాయి. 1996 సీజన్ దాదాపు మొత్తం పోయింది.

1997లో తిరిగొచ్చాడు. కానీ జిరోలో దిగుడు రోడ్డు మీద ఓ పిల్లి అడ్డం రావడంతో కిందపడి మళ్లీ తప్పుకోవాల్సి వచ్చింది. ఇంకొకరైతే అక్కడే ఆగిపోయేవారేమో! పంతానీ మాత్రం ఆ జులైలోనే టూర్‌కు వెళ్లి ఆల్ప్ డ్యుయెజ్ కొండ మీద గెలిచాడు, మొత్తమ్మీద మూడో స్థానంలో నిలిచాడు.

1998.. ఇటలీ ఊగిపోయిన ఏడాది

ఆ ఏడాది ముందుగా జిరో టైటిల్ కొట్టాడు. తర్వాత టూర్ డి ఫ్రాన్స్. జులై 27న చలి, వాన, పొగమంచు. గాలిబియే కొండ ఎత్తు 2,600 మీటర్లకు పైనే. ఎల్లో జెర్సీ జర్మనీ రైడర్ యాన్ ఉల్రిచ్ ఒంటి మీద ఉంది, పంతానీ 3 నిమిషాలు వెనకబడి ఉన్నాడు. ఫినిషింగ్ ఇంకా 45 కిలోమీటర్లకు పైగా ఉండగానే అతను ఒక్కసారిగా దూసుకుపోయాడు. కొండ పైకి చేరాక ఆగి రెయిన్ జాకెట్ వేసుకుని, తడి రోడ్డు మీద దిగి, చివరి కొండ కూడా ఎక్కేశాడు. ఉల్రిచ్ వచ్చేసరికి దాదాపు 9 నిమిషాలు గడిచిపోయాయి!

పారిస్‌లో ఎల్లో జెర్సీతో నిలబడ్డాడు పంతానీ. 1965 తర్వాత టూర్ గెలిచిన తొలి ఇటాలియన్ అతనే. ఒకే ఏడాది జిరో, టూర్ రెండూ గెలిచిన ఏడో రైడర్ కూడా. విశేషం ఏంటంటే.. అదే టూర్‌లో డోపింగ్ వ్యవహారం బయటపడి ఫెస్తినా టీమ్ మొత్తాన్ని ఇంటికి పంపారు. పరువు పోయిన ఆటను ఈ కొండల వీరుడే కాపాడాడని అభిమానులు సంబరపడ్డారు.

ఒక్క ఉదయంతో అంతా తలకిందులు

1999 జిరోలో పంతానీకి తిరుగే లేదు. నాలుగు స్టేజ్‌లు గెలిచాడు. ఓరోపా కొండ దగ్గర చైన్ ఊడి ఆగిపోయినా, మళ్లీ మొదలుపెట్టి పదుల మంది రైడర్లను దాటేసి మరీ గెలిచాడు. ఇక రెండు రోజులే మిగిలాయి, టైటిల్ ఖాయం అనుకున్నారంతా.

జూన్ 5.. మదోన్నా ది కాంపిల్యో. ఉదయాన్నే రక్త పరీక్ష. రక్తంలో ఎర్ర కణాల వాటా 50 శాతం దాటకూడదన్నది రూల్. పంతానీ రిపోర్టులో 52 వచ్చింది. నిబంధన ప్రకారం అది నేరుగా డోపింగ్ పాజిటివ్ కాదు, ఆరోగ్యం పేరుతో 15 రోజులు ఆపేస్తారంతే. కానీ అప్పట్లో ఈపీఓ అనే మందు ఆ కణాలను పెంచడానికే వాడేవారు. అందుకే జనానికి అది శిక్షలాగే కనిపించింది. పింక్ జెర్సీలో ఉన్నవాడు పోలీసుల మధ్య హోటల్ నుంచి బయటకు రావాల్సి వచ్చింది. తనపై కుట్ర జరిగిందనే అతను చివరిదాకా నమ్మాడు.

15 రోజులు గడిచాయి. కానీ ఆ ఏడాది టూర్‌కు వెళ్లలేదు. 2000 టూర్‌లో మోఁ వాంతూ, కుర్షెవెల్ కొండల మీద రెండు స్టేజ్‌లు గెలిచి పాత మెరుపు చూపించాడు. అవే చివరి గెలుపులు. ఆ తర్వాత కోర్టు కేసులు, డిప్రెషన్, కొకైన్. 2003 జిరోలో 14వ స్థానంతో సరిపెట్టుకున్నాడు. 2004 ఫిబ్రవరి 14న రిమినీలోని ఓ హోటల్ గదిలో ఒంటరిగా శవమై కనిపించాడు. వయసు 34 ఏళ్లే. మితిమీరిన కొకైనే కారణమని తేల్చారు. కుటుంబం దీన్ని ఒప్పుకోలేదు. కేసును మళ్లీ తెరిచినా హత్య అని మాత్రం తేలలేదు.

మిగిలిన ప్రశ్న

2013లో ఫ్రాన్స్ సెనేట్ నివేదిక వచ్చింది. 1998 టూర్ నాటి శాంపిళ్లను తర్వాత పరీక్షిస్తే ఈపీఓ ఆనవాళ్లు దొరికిన వారిలో పంతానీ పేరు కూడా ఉంది. టైటిల్ మాత్రం రికార్డుల్లో అతని పేరు మీదే ఉంది. గాలిబియే మీద ఆ రోజు జనం చూసిన దాంట్లో కష్టం ఎంత, మందు ఎంత? దీనికి ఇప్పుడు లెక్క తేల్చేవారు లేరు. అభిమానులు రెండు నిజాలనూ మోయాల్సిందే. అతను తప్పు చేసిన తరం మనిషి. అలాగే, విరిగిన కాలితో మళ్లీ కొండలెక్కిన మనిషి కూడా.

జిరో నిర్వాహకులు 2004 నుంచి ఏటా ఒక కొండకు పంతానీ పేరు పెడుతున్నారు. 2014లో రేసు కార్పేన్యా మీదుగానే సాగింది. 2022 మార్చిలో తిర్రెనో-అద్రియాతికో రేసులో ఆ కొండను ఒకే రోజు రెండుసార్లు ఎక్కించారు. గెలిచింది స్లోవేనియా కుర్రాడు తడేయ్ పొగచార్. పంతానీ తర్వాత ఒకే ఏడాది జిరో, టూర్ రెండూ గెలిచింది మళ్లీ అతనే.. 2024లో, అంటే 26 ఏళ్లకు!

ఇప్పటికీ సెలవు రోజుల్లో మామూలు సైక్లిస్టులు ఆ అడవి రోడ్డు ఎక్కుతూ కనిపిస్తారు. అక్కడ టైటిల్ లేదు, ప్రైజ్ మనీ లేదు. పంతానీ ఒంటరిగా తొక్కిన రోజుల్లో లాగే.. 6 కిలోమీటర్ల ఎత్తు ఒక్కటే ఎదురుగా ఉంటుంది.