ప్రేగులలోని రోగం నుండి కాన్సర్ ఔషధం వరకు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మానవుని ప్రేగులలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసిస్తున్నాయి. వాటిలో కొన్ని మనకు మేలు చేస్తాయి, కొన్ని కీడు కలిగిస్తాయి. రాచపుండు అని మన పెద్దలు పిలిచిన కాన్సర్ వ్యాధికీ ఈ సూక్ష్మజీవులకూ గల సంబంధాన్ని గురించి నేడు ప్రపంచమంతటా పరిశోధనలు సాగుతున్నాయి. జీర్ణకోశంలో చేరే హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా కాన్సర్ కారకమని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన విభాగం నిర్ణయించింది. అంతకు అర్ధశతాబ్దం ముందే, ఒక సూక్ష్మజీవికి కావలసిన ఆహారాన్ని అన్వేషిస్తూ కాన్సర్‌ను ఎదిరించే ఔషధం వరకు నడచిన తెలుగువాడు ఒకరున్నారు. ఆ మహనీయుని జీవితాన్ని మా విద్యార్థులకు పరిచయం చేయదలచాము.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం చిరుద్యోగి, తల్లి వెంకమ్మ. కుటుంబం పేదరికంలో ఉండేది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి మూడవ ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులైనారు. పిమ్మట మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపునకు స్పందించి శస్త్రచికిత్స సమయంలో సైతం ఖద్దరు దుస్తులనే ధరించడం ఆంగ్లేయ ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా పూర్తి పట్టా దక్కలేదు, తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది.

ఆ కాలంలోనే ఆయన ఇంట పెద్ద విషాదం సంభవించింది. స్ప్రూ అనే ప్రేగుల వ్యాధికి ఇద్దరు సోదరులు కొద్దిరోజుల వ్యవధిలో బలియైనారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో క్షీణించి, రక్తహీనతతో మనిషిని కడతేర్చే వ్యాధి అది. సుబ్బారావు గారు సైతం దాని పాలబడి డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారు. పిదప ఆయన వద్దనే ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు. అయినా సోదరులను హరించిన వ్యాధి మర్మం తెలుసుకోవాలన్న తపన ఆయనను విడువలేదు.

మామగారి సహాయంతోను, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ విరాళంతోను అమెరికా వెళ్ళి హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల విద్య నభ్యసించారు. జీవిక కోసం ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పనికి కూడా వెనుదీయలేదు. భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయారు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. ఆ బిడ్డను తండ్రి చూడనే లేదు. మాతృభూమికి ఆయన మరల రానే లేదు. శాస్త్రవిజయాలను కొనియాడే మనము వాటికి ఒక ఇల్లాలు చెల్లించిన మూల్యాన్ని మరువరాదు.

సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే విధానాన్ని కనుగొన్నారు. పిదప కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని వెలికితీశారు. 1930లో పిహెచ్.డి. పొందారు. అయినా హార్వర్డులో స్థిరమైన పదవి లభించలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళి, అక్కడ పరిశోధనలకు సారథ్యం వహించారు.

అక్కడే సూక్ష్మజీవుల పాత్ర మొదలౌతుంది. లాక్టోబాసిల్లస్ కేసీ అనే బాక్టీరియా పెరగడానికి ఒక తెలియని పోషకం అవసరమని శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఏ పదార్థంలో ఆ పోషకం ఉన్నదో ఆ బాక్టీరియా పెరుగుదలే సాక్ష్యం చెప్పేది. సుబ్బారావు గారి బృందం దానిని కాలేయం నుండి, సూక్ష్మజీవులను పులియబెట్టిన ద్రవం నుండి వేరుచేసి, 1945లో కృత్రిమంగా తయారుచేసింది. అదే ఫోలిక్ ఆమ్లం. స్ప్రూ రోగులలోని రక్తహీనతను అది తగ్గిస్తుందని త్వరలోనే రుజువైనది. ఆ ప్రయోగశాలలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ జాతి ఔషధాలలో అది మొదటిది. నేటికీ ఉష్ణమండల స్ప్రూకు ఇచ్చే చికిత్స టెట్రాసైక్లిన్, ఫోలిక్ ఆమ్లమే. సోదరులను రక్షించలేకపోయిన వాని ఏలుబడిలోనే ఆ రెండు మందులూ ప్రపంచానికి అందాయి.

బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లుకేమియా అనే రక్త కాన్సర్ సోకిన పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థాలనిచ్చి చూడగా వ్యాధి ముదిరినట్లు తోచింది. కణం విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. అందుచేత బాక్టీరియాను పెంచినదే కాన్సర్ కణాన్నీ పోషిస్తుంది. అయితే ఆ ఆహారాన్ని పోలిన నకిలీ పదార్థాన్ని అందిస్తే ఆ కణం ఆకలితో నశించదా? ఈ ఆలోచనకు రూపమిచ్చిన అమినోప్టెరిన్‌ను, పిదప మెథోట్రెక్సేట్‌ను సుబ్బారావు గారి బృందమే తయారుచేసింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా ఉపశమించింది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. 1956లో మెథోట్రెక్సేట్‌తో కోరియోకార్సినోమా అనే కాన్సర్ నయమైన వార్తను వినే భాగ్యం ఆయనకు కలుగలేదు.

ఈ కథలో సూక్ష్మజీవి పాత్ర ఇంకా ముగియలేదు. ప్రేగులలోని కొన్ని బాక్టీరియాలు మెథోట్రెక్సేట్‌ను విచ్ఛిన్నం చేయగలవు. మూత్రపిండాలు దెబ్బతిని ఆ మందు ఒంట్లో విషమైనప్పుడు విరుగుడుగా ఇచ్చే ఎంజైమునకు 2012లో అమెరికా అనుమతినిచ్చింది. ఆ ఎంజైము సైతం సూడోమోనాస్ అనే బాక్టీరియా నుండి లభించినదే. మందు పుట్టుకలోను, విరుగుడులోను సూక్ష్మజీవియే ఉన్నది.

విద్యార్థులారా! పరీక్షలో తప్పినవారు, పూర్తి పట్టాకు నోచుకోనివారు, కోరిన పదవి దక్కనివారు మన మధ్య ఎందరో ఉన్నారు. ఈ మూడు అనుభవాలూ సుబ్బారావు గారివే. తన ఇంటి దుఃఖాన్ని ఆయన ఒక ప్రశ్నగా మార్చుకొని జీవితాంతం దానిని విడువలేదు. తన పేరుకన్న సహచరుల పేర్లను ముందుంచడం ఆయన స్వభావం. అందుకే ఆయన మందులు తెలిసినంతగా ఆయన పేరు లోకానికి తెలియదు. ఆ పేరును తెలుగునాట ప్రతి తరగతి గదిలో స్మరించుకోవడం మన కనీస ధర్మమని మేము భావిస్తున్నాము.