అణువుకు ఆకృతినిచ్చిన వాంట్ హాఫ్

జాకోబస్ వాంట్ హాఫ్ 1852వ సంవత్సరంలో హాలండ్ దేశపు రోటర్‌డామ్ నగరంలో జన్మించాడు. ఆనాటి రసాయన శాస్త్రజ్ఞులు అణువులను కాగితంపై సమతల చిత్రాలుగానే గీసేవారు. ఒకే నిర్మాణం గల రెండు లాక్టిక్ ఆమ్లాలలో ఒకటి ధ్రువిత కాంతి తలాన్ని తిప్పగా, మరొకటి తిప్పకపోవడానికి కారణం వారికి అంతుపట్టలేదు.

1874లో, ఇరవై రెండేళ్ల ప్రాయంలో, వాంట్ హాఫ్ ఒక చిన్న పుస్తకం ద్వారా ఈ చిక్కుముడిని విప్పాడు. కార్బన్ పరమాణువు బంధాలు నాలుగూ చతుర్ముఖి నాలుగు మూలల వైపు విస్తరించి ఉంటాయని ప్రతిపాదించాడు. వాటితో నాలుగు భిన్న సమూహాలు బంధితమైతే, కుడి ఎడమ చేతుల వలె ఒకదానితో ఒకటి ఏకీభవించని రెండు రూపాలు ఏర్పడతాయని వివరించాడు. అదే ఏడాది ఫ్రాన్సులో లెబెల్ కూడా స్వతంత్రంగా ఈ నిర్ణయానికే వచ్చాడు.

అయితే 1877లో జర్మనీకి చెందిన సుప్రసిద్ధ ఆచార్యుడు కోల్బే ఈ సిద్ధాంతాన్ని తీవ్రంగా పరిహసించాడు. పశువైద్య కళాశాలలో పనిచేసే ఈ యువకుడు ఊహల గుర్రమెక్కి విహరిస్తున్నాడని ఎద్దేవా చేశాడు. వాంట్ హాఫ్ అధైర్యపడలేదు. 1878లో ఆమ్‌స్టర్‌డామ్ ఆచార్యునిగా చేసిన తొలి ప్రసంగానికి విజ్ఞానశాస్త్రంలో ఊహాశక్తి పాత్రనే అంశంగా ఎన్నుకున్నాడు.

రసాయన గతిశాస్త్రం, ద్రవాభిసరణ పీడనాలపై చేసిన కృషికి 1901లో రసాయన శాస్త్రపు తొట్టతొలి నోబెల్ బహుమతి ఆయనను వరించింది. 1911లో ఆయన కన్నుమూశాడు. మీథేన్ అణువు, అమ్మోనియం అయాన్ చతుర్ముఖీయాలని, వాటి బంధకోణం దాదాపు 109.5 డిగ్రీలని తరువాతి ప్రయోగాలు నిర్ధారించాయి. తర్కబద్ధమైన ఊహ సత్యానికి తొలిమెట్టు కాగలదని ఆయన జీవితం చాటుతున్నది.