బళ్ళారి రాఘవ

బళ్ళారి రాఘవ (1880 ఆగష్టు 2 - 1946 ఏప్రిల్ 16) సుప్రసిద్ధ తెలుగు రంగస్థల నటుడు, న్యాయవాది. అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. పద్యానికీ రాగానికీ పెద్దపీట వేసిన కాలంలో సహజ నటనకు ప్రాధాన్యమిచ్చాడు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని వాదించి, ఆచరించి చూపాడు.

బాల్యము, విద్య

రాఘవ అనంతపురం జిల్లా తాడిపత్రిలో నరసింహాచార్యులు, శేషమ్మ దంపతులకు జన్మించాడు. పెన్నా ఒడ్డున ఉన్న తాడిపత్రి అప్పట్లో బళ్ళారి జిల్లాలో భాగం. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. ఆయన పుట్టడానికి కొద్ది కాలం ముందే, 1876-78 నాటి మహాక్షామం ఈ ప్రాంతాన్ని అతలాకుతలం చేసింది.

ఆంధ్ర నాటక పితామహుడుగా పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు రాఘవకు మేనమామ. ఆయన బళ్ళారిలో సరసవినోదిని సభను నడిపాడు. ఆ వాతావరణంలో పెరిగిన రాఘవ చదువుకునే రోజుల్లోనే బళ్ళారిలో షేక్స్పియర్ క్లబ్బును స్థాపించాడు. మద్రాసు క్రైస్తవ కళాశాలలోను, తరువాత మద్రాసు లా కాలేజీలోను చదివాడు. బళ్ళారిలో ప్లీడరుగా స్థిరపడి క్రిమినల్ కేసులలో పేరు తెచ్చుకున్నాడు. వకీలు వృత్తి జీవనాధారం కావడంతో నాటకం మీద ఆదాయం కోసం ఆధారపడవలసిన అవసరం ఆయనకు లేకపోయింది.

నాటకరంగం

ఆనాటి పౌరాణిక నాటకాలలో నటుడు ఒక్కో పద్యాన్ని దీర్ఘ రాగాలాపనతో సాగదీసేవాడు. ప్రేక్షకులు వన్స్ మోర్ అంటే చనిపోయే పాత్ర సైతం లేచి మళ్ళీ పాడవలసిందే. రాఘవ ఈ పద్ధతికి దూరంగా ఉండి సంభాషణ, ముఖకవళికలు, పాత్ర మనస్తత్వాలపై దృష్టి పెట్టాడు. కోలాచలం శ్రీనివాసరావు రచించిన రామరాజు చరిత్రలో పఠాన్ రుస్తుం పాత్ర ఆయనకు గొప్ప ఖ్యాతి తెచ్చింది. తెలుగుతో పాటు కన్నడ, ఆంగ్ల నాటకాలలో కూడా నటించాడు. 1920ల చివరలో ఇంగ్లండు వెళ్ళి జార్జి బెర్నార్డ్ షాను కలుసుకున్నాడు.

స్త్రీ పాత్రలు

అప్పట్లో నాటక సమాజాలలో స్త్రీ పాత్రలను సాధారణంగా పురుషులే వేసేవారు. ఆ కళలో స్థానం నరసింహారావు వంటి మహానటులు వెలిగారు. గౌరవ కుటుంబాల స్త్రీలు రంగస్థలం ఎక్కడాన్ని సంఘం తప్పుగా చూసేది. సహజ నటన కోరేవాడు పురుషుడి స్త్రీ వేషాన్ని అంగీకరించలేడు కాబట్టి, రాఘవకు ఇది సంస్కరణే కాక నటనకు సంబంధించిన అవసరం కూడా. ఆయన ప్రోత్సాహంతో కొమ్మూరి పద్మావతీదేవి మొదలైన విద్యావంతులైన మహిళలు రంగస్థలంపైకి వచ్చారు. పి.వి. రాజమన్నారు రచించిన తప్పెవరిది అనే సాంఘిక నాటకాన్ని రాఘవ ప్రదర్శించాడు. రాజమన్నారు తరువాతి కాలంలో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు.

సినిమాలు

రాఘవ సినీజీవితం చిన్నది. 1936లో ద్రౌపదీ మానసంరక్షణంలో దుర్యోధనుడుగా నటించాడు. అదే ఏడాది అదే కథతో వచ్చిన ద్రౌపదీ వస్త్రాపహరణం ముందు ఆ చిత్రం నిలబడలేకపోయింది. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో వచ్చిన రైతుబిడ్డ (1939)లో నటించాడు. జమీందారీ వ్యవస్థను విమర్శించిన ఈ చిత్రం జమీందారుల ఆగ్రహానికి గురై కొన్నిచోట్ల నిషేధించబడింది. 1940లో చండిక చిత్రంలో కూడా నటించాడు.

మరణము, స్మృతి

రాఘవ 1946 ఏప్రిల్ 16న మరణించాడు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. అందువలన ఆయన పుట్టిన ఊరు, పేరులో నిలిచిన ఊరు రెండు రాష్ట్రాలలో ఉన్నాయి. బళ్ళారిలోని రాఘవ కళామందిరానికి ఆయన పేరే పెట్టారు. భారత తపాలా శాఖ 1981లో ఆయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.