పొదల పేర్లు తేల్చిన సామర్లకోట వైద్యుడు

పూత మీదున్న వాక పొదను, కలివి పొదను పక్కపక్కన చూపితే ఏది ఏదో చెప్పడం సులభం కాదు. రెండింటికీ ముళ్ళే, రెండింటికీ పాలే, రెండింటికీ మల్లెను పోలిన తెల్లని పూలే. కాయ ఎదిగితేగాని సంగతి తేలదు. పైగా దగ్గరి జాతుల మధ్య పుప్పొడి కలిస్తే రెండు పోలికలూ ఉన్న మొక్క పుట్టవచ్చు. ఇలాంటి చిక్కులు విప్పడానికి మన సామర్లకోటలో ఒక విదేశీ వైద్యుడు పన్నెండేళ్ళు శ్రమించారు.

ఆయన విలియం రాక్స్‌బరో. 1751లో స్కాట్లండులో జన్మించారు. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసు చేరారు. 1781 నుంచి సామర్లకోటలో ఉంటూ వైద్యంతోపాటు తోట పెంపకం చేపట్టారు. మిరియం, కాఫీ, నీలిమందు వంటి పంటలను అక్కడ పరీక్షించారు.

1787లో తుపాను వచ్చి సముద్రం కోరంగి ప్రాంతాన్ని ముంచెత్తింది. ఇంజరంలో ఉన్న ఆయన పుస్తకాలు, ఏళ్ళ తరబడి సేకరించిన మొక్కల నమూనాలు నీటిపాలయ్యాయి. అయినా ఆయన మళ్ళీ మొదటినుంచి ఆరంభించారు.

ఎండిన కొమ్మలో పువ్వు రంగు పోతుంది, కాయ ముడుచుకుంటుంది. అందుచేత రాక్స్‌బరో పచ్చి మొక్కను ఎదుట పెట్టి దేశీయ చిత్రకారులచేత బొమ్మలు గీయించారు. పువ్వును విప్పి లోపలి భాగాలను సైతం విడిగా వేయించారు. ఐరోపా గ్రంథాలలో లేని మొక్కకు ఇక్కడి జనం ఏమని పిలుస్తారో అడిగి ఆ తెలుగు పేరును రాసుకున్నారు. జ్వరానికి వాడే సోమిద చెట్టు బెరడును గురించి ఆయన రాశారు. 1830లో ఆ చెట్టు ప్రజాతికి పెట్టిన శాస్త్రీయ నామం మన సోమిద మాట నుంచే వచ్చింది.

1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్ళారు. కోరమండల్ తీరపు మొక్కలపై 300 చిత్రాలతో ఆయన గ్రంథం 1795 నుంచి 1820 వరకు లండనులో మూడు సంపుటాలుగా వెలువడింది. పూర్తి గ్రంథాన్ని ఆయన చూడలేదు. 1815లో ఎడింబరోలో కన్నుమూశారు. ఆయన గీయించిన దాదాపు 2,500 చిత్రాల ప్రతులు కలకత్తాలోను, లండను సమీపాన క్యూ తోటలోను భద్రంగా ఉన్నాయి.

ఆయన వేర్వేరుగా లెక్కించిన కొన్ని జాతులను తరువాతివారు ఒకటిగా కలిపారు. అంతటివాడికీ పొదలు లొంగలేదన్నమాట. ఆయనకు పేర్లు చెప్పిన మన పల్లెల పెద్దల పేర్లు మాత్రం మనకు దక్కలేదు. వాకకూ కలివికీ తేడా చెప్పగల పెద్దలు నేటికీ ఊళ్ళలో ఉన్నారు. వారిని అడిగి, ఆ పేర్లను పిల్లలచేత రాయించడం మన పని.