విజిల్ ఎవరి చేతిలో, కలం ఎవరి చేతిలో: రహీం సాబ్ జీవితం

ఆత్మకూర్‌లో ఊరి జట్ల మధ్య ఆట అయినా, కోల్‌కతా లీగ్ అయినా, ఓడిన జట్టు నుంచి తరచుగా వినిపించే మాట ఒకటే: రెఫరీ వాళ్ల మనిషి. మేము ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయం. ఊరి పంచాయితీలో తీర్పు ఎటు మొగ్గుతుందో తరతరాలుగా చూసినవాళ్లం. కానీ ప్రతి ఓటమీ అన్యాయం కాదు. ఎక్కడ అన్యాయం జరిగిందో, ఎక్కడ మన ఆటే చాలలేదో విడదీసి చూడాలి. అలా చూసిన మనిషి మన హైదరాబాద్‌లోనే ఉన్నారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం.

1909 ఆగస్టు 17న పుట్టిన రహీం బడి పంతులు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు, చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. పెద్ద క్లబ్బులు అక్కడివే, ఆట గురించి ఎక్కువగా రాసే పత్రికలూ అక్కడివే. దక్కన్ నుంచి వచ్చిన జట్టుకు పేరు రావాలంటే ఒకసారి గెలిస్తే చాలదు, మళ్లీ మళ్లీ గెలవాలి.

ఇంకో సంగతి మరవొద్దు. 1948 పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ ముస్లింల మీద అనుమానపు చూపులు పడుతున్న రోజులవి. అలాంటి 1950లో ఒక హైదరాబాదీ ముస్లిం భారత జట్టుకు కోచ్ అయ్యారు. మరుసటి ఏడాదే ఢిల్లీలో తొలి ఆసియా క్రీడల స్వర్ణం వచ్చింది.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాం. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ ఓటమిని రెఫరీ మీదికి నెట్టే వీల్లేదు. రహీం బూట్లు, శిక్షణ, ఎత్తుగడలు మార్చే పనిలో పడ్డారు. బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు, డ్రిబ్లింగ్ లేకుండా ఆడాలనే పోటీలు పెట్టించారు. బొల్లారం వైపు నుంచి వచ్చే పేదింటి పిల్లవాడు తులసీదాస్ బలరామ్‌కు సైకిల్ కిరాయి డబ్బులు ఆయనే ఇచ్చారని చెబుతారు. ఆ బలరామ్ ఉన్న జట్టే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది.

అసలు పరీక్ష 1962లో జకార్తాలో ఎదురైంది. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వలేదు. వాళ్లు లేకుండా వీటిని ఆసియా క్రీడలు అనకూడదని భారత క్రీడాధికారి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారు. అది పత్రికలకెక్కింది, వీధికెక్కింది. గుంపు భారత రాయబార కార్యాలయం మీద దాడి చేసింది. ఒక అధికారి అన్న మాటకు శిక్ష ఆటగాళ్ల మీద పడింది. సెప్టెంబర్ 4న ఫైనల్‌లో స్టేడియమంతా మన జట్టును ఎగతాళి చేస్తూ అరిచింది. అప్పటికే రహీంను ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ముందు వరుసలో ఆడించారు. పి.కె. బెనర్జీ, జర్నైల్ చెరో గోల్ కొట్టారు. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం.

జనం అరుపులు రెఫరీని కదిలిస్తాయన్నది ఉత్త అనుమానం కాదు. 2020లో కరోనా వల్ల యూరప్‌లో ఖాళీ స్టేడియాల్లో ఆటలు జరిగాయి. వాటిని లెక్కగట్టి చూస్తే, బయటి నుంచి వచ్చిన జట్లకు పడే పసుపు కార్డులు తగ్గినట్టు తేలింది. రెఫరీ డబ్బు తీసుకోకపోవచ్చు. అయినా చుట్టూ ఉన్న గొంతు ఎవరిదో, ఆ గొంతును ఉసిగొల్పిన రాత ఎవరిదో తీర్పులోకి దూరుతుంది. పక్షపాతానికి ఇంకో రూపం ఎంపిక బల్ల దగ్గర ఉంటుంది. గొప్ప బౌలర్ పల్వంకర్ బాలూ దళితుడు కావడం వల్లే హిందూ జట్టు కెప్టెన్ కాలేకపోయారు. ఆ తలుపు 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు గాని తెరుచుకోలేదు.

రహీం దళితుడు కాదు. అయినా ఆయన జీవితం మన విద్యార్థులకు అక్కరకొస్తుంది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్లీ రాలేదు. ఆయన పేరు మాత్రం పాఠాల్లో, పత్రికల్లో మరుగున పడిపోయింది. 2024లో సినిమా వచ్చాకే ఈ తరంలో చాలామందికి తెలిసింది. అది కూడా ఒక తీర్పే. విజిల్ ఊదకుండా ఇచ్చిన తీర్పు.

అందుకే మేము అడిగేది రెండు పనులు. అన్యాయం జరిగిందంటే నిమిషం, ఫౌల్, కార్డు రాసిపెట్టి లెక్కతో నిలదీయండి. మన ఊళ్ల ఆట గురించి మనమే రాయండి. మనం రాయకపోతే రాసేవాళ్లు వేరే ఉంటారు. అందులో మన పిల్లల పేర్లు ఉంటాయన్న నమ్మకం లేదు.