గ్రేస్ హాపర్

అమెరికా దేశమున న్యూ హాంప్‌షైరు రాష్ట్రములో వుల్ఫ్‌బరో అను ఊరియందు మరే కుటుంబమువారికి ఒక వేసవి గృహముండెడిది. అందు ఏడు అలారము గడియారములుండెను. ఒక వేసవిలో ఏడేండ్ల బాలిక యొకతె, గంట ఎట్లు మ్రోగుచున్నదో తెలిసికొనగోరి ఒక గడియారమును విప్పెను. విప్పినదానిని మరల కూర్చుట ఆమెకు సాధ్యము కాలేదు. కూర్పు తెలియుటకై రెండవదానిని విప్పెను, అటుపిమ్మట మూడవదానిని విప్పెను. తల్లి వచ్చి చూచునప్పటికి ఏడు గడియారములును ముక్కలై పడియుండెను. ఇకమీదట ఒక్క గడియారముతోనే ఆడుకొనవలెనని మాత్రము తల్లి కట్టడి చేసెను. ఆ బాలికయే గ్రేస్ మరే.

గ్రేస్ 1906వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. తండ్రి భీమా వ్యాపారి. రక్తనాళవ్యాధిచే ఆయన కాళ్లు రెండును తీసివేయవలసి వచ్చెను. కుమార్తెలును కుమారునితో సమానముగ చదివి తమ బ్రతుకు తాము బ్రతుకగలిగియుండవలెనని ఆయన పట్టుదల. గ్రేస్ 1928లో వాసర్ కళాశాలనుండి పట్టభద్రురాలై, యేల్ విశ్వవిద్యాలయమున 1930లో ఎం.ఏ., 1934లో గణితమున డాక్టరు పట్టమును గడించెను. 1930లోనే విన్సెంట్ హాపర్ అను నాతని వివాహమాడెను. పిమ్మట వాసర్‌లో గణితము బోధించుచుండెను.

రెండవ ప్రపంచ సంగ్రామకాలమున ఆమె నౌకాదళమున చేరగోరెను. వయస్సు మించినదనియు, బరువు చాలదనియు అధికారులు అడ్డుచెప్పిరి. ఆమె పట్టువిడువక ప్రత్యేకానుమతి సంపాదించి 1943 డిసెంబరులో చేరెను. 1944 జూలైలో ఆమెను హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పంపిరి. అచట హొవార్డ్ ఐకెన్ పర్యవేక్షణమున మార్క్ 1 అను గణనయంత్రము యుద్ధమునకు వలసిన లెక్కలను కట్టుచుండెను. దాని పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు. అది సెకనుకు మూడు కూడికలు చేయగలిగెడిది.

తరువాత వచ్చిన మార్క్ 2 యంత్రములో 1947 సెప్టెంబరు 9వ తేదీన, రిలే అను విద్యుత్పరికరమునందు చిక్కుకొన్న ఒక రెక్కలపురుగు దొరకెను. పనివారు దానిని దినచర్య పుస్తకమున అంటించిరి. దానిని పట్టినది హాపరే యని కొందరు వ్రాయుదురు. అది సరి కాదు. యంత్రదోషమును పురుగని వ్యవహరించుటయు అంతకు ముందే ఇంజనీర్లలో వాడుక. ఆమె ఆ కథను పలుమారు రసవత్తరముగ చెప్పి లోకమున ప్రచారము చేసినది.

ఆమెను నిజముగ బాధించిన పురుగులు వేరు. 1949లో ఆమె ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ సంస్థలో చేరెను. అచట యూనివాక్ యంత్రము నిర్మాణములో నుండెను. దాని జ్ఞాపకస్థానములు వేయి మాత్రమే. ప్రతిదానికిని ఒక సంఖ్య గుర్తు. ఒకరు వ్రాసిన ఉపక్రమమును మరియొకరు వాడుకొనవలెనన్న చేతితో ఎత్తి వ్రాసికొనవలెను. సున్నానుండి మొదలిడి వ్రాసినదానిని 300వ స్థానమునుండి ఉంచదలచినచో, అందలి ప్రతి స్థానసంఖ్యకును 300 కలుపవలెను. 7 అన్నచోట 307 అనవలెను. ఎవరైన 317 అని వ్రాసిరా, యంత్రము ఆక్షేపింపదు. అచటనున్నదానినే గైకొని తప్పు జవాబు నిచ్చును. గొప్ప చదువులు చదివినవారే కూడికలలో పొరపడుచుండిరి. బి అను అక్షరమును 13 అని ఎత్తి వ్రాయుచుండిరి. హాపర్ తానును ఇందుకు మినహాయింపు కాదు. ఎనిమిది మూలముగాగల సంఖ్యలలో లెక్కించుట అలవాటై, తన బ్యాంకు ఖాతాను గూడ అట్లే లెక్కించి, మొత్తములు సరిపడక చిక్కుపడెను. బ్యాంకు పని తెలిసిన తమ్ముడు ఆ పొరపాటును కనిపెట్టవలసి వచ్చెను!

ఎత్తి వ్రాయుటయు, కూడుటయు యంత్రమునకు తెలిసిన విద్యలే కదా, ఆ పనిని దానికే ఏల అప్పగింపరాదని ఆమె యోచించెను. ప్రతి ఉపక్రమమునకు ఒక పేరు పెట్టి అయస్కాంతపు టేపుపై ఉంచెను. పేర్ల వరుసను మాత్రము వ్రాసియిచ్చిన చాలును. యంత్రమే ఆ పేరుగలదానిని వెదకి తెచ్చి, స్థానసంఖ్యలను సవరించి, ఒకదాని వెనుక నొకటి చేర్చును. 1951-52లో సిద్ధమైన ఈ ప్రోగ్రామునకు ఏ-0 అని పేరు. దానిని ఆమె కంపైలరు అనెను.

ఇందొక పెద్ద చిక్కు కలదు. వెనుకటి భాగమునకు మరలుమని ఆజ్ఞ వచ్చినచో దాని చోటు యంత్రమునకు తెలియును. ముందు రాబోవు భాగమునకు పొమ్మన్నచో, ఆ భాగమింకను ఎచటను అమరలేదు. లేని చోటి సంఖ్య నెట్లు వ్రాయుట? కళాశాలలో తాను ఆడిన బాస్కెటుబాలు ఆట ఆమెకు జ్ఞప్తికి వచ్చెను. ఆనాటి స్త్రీల ఆటలో బంతితో తానే చాలదూరము పోరాదు. తోడియాటకత్తెకు విసరి, ముందునకు పరుగెత్తి మరల అందుకొనవలెను. అట్లే ఆమె జ్ఞాపకస్థానములలో ఒక మూలను ప్రత్యేకించి, దూకవలసిన ఆజ్ఞను ముందుగ ఆ మూలకు పంపెను. ఆ పేరుగల భాగము అమరినపుడు తనకేమైన కబురున్నదేమో అని చూచుకొని, తన చోటును ఆ మూలలో నింపును. ఒక్క పర్యాయము చదువుటతోనే పని ముగియును.

నేడు ప్రోగ్రాములలోని దోషములను వెదకుటకు డీబగ్గరు అను సాధనము కలదు. యంత్రము ఏ సంఖ్యగల చోట ఆగెనో అది ఎరుగును. ఆ చోటికి మనుష్యుడు పెట్టిన పేరేదో చెప్పవలెనన్న, కంపైలరు వ్రాసియుంచిన పేర్ల పట్టికను చూడవలెను. ఒకే పేరు రెండు చోట్ల నున్నపుడు వెదకు క్రమము తప్పినచో, దోషమొకచోట నుండగా డీబగ్గరు వేరొకచోటిని చూపును. 300 కలుపుటలో జరిగిన పొరపాటునకు ఇది దగ్గరి చుట్టమే.

ఆమె పనిని తొలుత పలువురు నమ్మలేదు. యంత్రము లెక్కలు మాత్రమే చేయునుగాని ప్రోగ్రాములు వ్రాయజాలదని వాదించిరి. ఆమె వెనుదీయక, ఆంగ్లపదములతో ఆజ్ఞలిచ్చు ఫ్లో-మాటిక్ అను భాషను తన బృందముచే సిద్ధము చేయించెను. 1959లో ఆరంభమైన కోబాల్ భాషకు అది ముఖ్యాధారమయ్యెను.

నౌకాదళము 1966లో ఆమెకు విశ్రాంతి నిచ్చి, మరుసటి సంవత్సరమే తిరిగి పిలిపించెను. ఉపన్యాసములలో ఆమె సుమారు అడుగు పొడవుగల తీగముక్కలను పంచిపెట్టెడిది; సెకనులో శతకోటివ వంతు కాలమున వెలుగు పోగల దూరమది. 1986 ఆగస్టులో, 79వ యేట, రియర్ అడ్మిరల్ హోదాతో పదవీవిరమణ చేసెను. 1992 జనవరి 1వ తేదీన వర్జీనియా రాష్ట్రములోని ఆర్లింగ్‌టన్‌లో మరణింపగా, అచటి జాతీయ శ్మశానవాటికలో సైనిక గౌరవములతో ఖననము చేసిరి.